చిన గురువు గారి ఇల్లు



మన కీర్తనల పుస్తకము తెరిస్తే పాటకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. చాలామందిమి వాటిని చూడకుండానే పాట ఎత్తుకుంటాము. ఆ రెండు మాటలకు అర్థము చెప్పి, పిల్లల చేత తాళము వేయించి, శ్రుతిలో నిలబెట్టేవారు మన పల్లె సంఘాలలో రాను రాను తక్కువవుతున్నారు. పాడేవారికి కొదువ లేదు, నేర్పేవారికే కొదువ. అందుకే ఈ నెల ఒక సంగీత గురువు సంగతి మీ ముందుంచుతున్నాము. ఆయన మన సంఘస్థుడు కాకపోయినా మన ఉత్తరాంధ్రవాడే.

మాకవరపాలెం నుండి అనకాపల్లి, విశాఖపట్నం మీదుగా వెళితే విజయనగరం వస్తుంది. అక్కడ 1919లో మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించారు. సంస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు చూపులేనివాడట. ఆ పిల్లవాడికి సంగీతము నేర్పించాలన్న తలంపే కళాశాలగా మారిందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రధానాచార్యులు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి వచ్చింది. ఆయనకూ చూపు మందమే. వయొలిన్ మీద ఆయన విల్లు కదిలితే మాత్రం దేశమే చెవి ఒగ్గింది.

ఆ కళాశాలలో గాత్రము నేర్పిన అధ్యాపకులు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు వారు. ఆయన తండ్రిగారు పెద గురువు గారు, ఈయన చిన గురువు గారు. స్వయంగా పాటలు కట్టేవారు, హార్మోనియం తానే వాయించుకుంటూ కచేరీ చేసేవారు. పేరుంది గాని ధనము లేదు.

ఆ రోజుల్లో కృష్ణా జిల్లా నుండి తండ్రి లేని కుర్రవాడు ఒకడు విజయనగరం చేరాడు. తండ్రి చనిపోయే ముందు సంగీతము నేర్చుకొమ్మని చెప్పిన మాట ఒక్కటే అతని ఆస్తి. దారి ఖర్చుకు వేలి ఉంగరము అమ్ముకున్నాడు. తోటివారు చేసిన తప్పు తన నెత్తిన పడి, తలదాచుకునే చోటు, పూట భోజనము కూడా పోయాయని అతని జీవితము రాసినవారు చెబుతారు. అప్పుడు శాస్త్రి గారి గడప తొక్కాడు. గురువు గారు జీతము అడగలేదు. చేరదీసి పాఠము చెప్పారు. పాఠము మాత్రము కఠినమే. చెప్పినదానిని రోజంతా సాధన చేయాలి. తిండికి ఆ కుర్రవాడు జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరము ఎత్తుకున్నాడు. ఆ జోలెలో పిడికెడు అన్నము వేసిన తల్లులకు, తాము ఎవరి గొంతును పోషిస్తున్నారో తెలియదు.

ఆ కుర్రవాడే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. 1974లో కన్నుమూసే వరకు తెలుగువారి ఇంటింటా వినిపించిన గొంతు అది. నేటికీ ఆగలేదు. గురువు గారి కుమారుడు సంగీతరావు గారు ఆయన దగ్గర సంగీత సహాయకులుగా ఎన్నో ఏళ్లు పనిచేశారు. నూరేళ్లు నిండు జీవితము గడిపి 2021లో కన్నుమూశారు. ఒకనాడు తండ్రి తెరిచిన తలుపు ఆ ఇంటికే మరల అన్నము పెట్టింది.

మనము ఆలోచించవలసినది ఇక్కడే ఉంది. కళాశాల పుట్టినది ఒక్క పిల్లవాడి కోసమని చెప్పుకుంటారు. గురువు గారు ఆదరించినది ఒక్క పిల్లవాడిని. పెద్ద పనులన్నీ ఒక్కరి దగ్గరే మొదలవుతాయి.

మన ఊరి గాయక బృందము సంగతి చూడండి. పండుగకు పది రోజుల ముందు పిల్లలను పోగుచేసి, సెల్ ఫోనులో పాట వినిపించి, అదే పాడమంటాము. పండుగ అయ్యాక బృందము చెదిరిపోతుంది. అలాగాక, పాట తెలిసిన పెద్దలు ఎవరైనా వారానికి ఒక సాయంత్రము ఇస్తే చాలు. మొదట హార్మోనియం మీద ఒక్క స్వరము పట్టించి, దానితో గొంతు కలిసేదాకా నిలపండి. తరువాత చేతితో ఆదితాళము వేయించండి. ఎనిమిది లెక్కలు తప్పకుండా వచ్చాకనే మాటలు చెప్పండి. బృందములో గట్టిగా పాడేవానికన్న పక్కవాని గొంతు వినేవాడే ముఖ్యము. వినడము నేర్పితే పాడడము దానంతట అదే వస్తుంది.

కూలికి వెళ్లే ఇంటి బిడ్డ, ఆలస్యముగా వచ్చి వెనుక చాప మీద కూర్చునే బిడ్డ, మంచి బట్టలు లేవని పాటకు లేవని బిడ్డ మన సంఘములో ఉంటారు. వారిని పేరు పెట్టి పిలిచి ముందు వరుసలో నిలబెట్టేది ఎవరు? ఆ గొంతు రేపు ఏమవుతుందో మనకు తెలియదు. చిన గురువు గారికీ ఆనాడు తెలియదు. తెలియకుండానే తలుపు తీశారు.