మూలన పడిన వీరులకు అభిమానులే అండ

సూపర్‌మ్యాన్ కథ ఎవరు రాసినా అతని గతం, స్వభావం, శత్రువులు ముందే ఖరారై ఉంటాయి. పెద్దగా పేరులేని పాత్రకు ఆ కట్టుబాట్లు తక్కువ. అందుకే కామిక్స్ అభిమానులు మూలన పడిన వీరులను వెతికి పట్టుకుని, వాళ్లకు సొంత సిరీస్ వస్తే ఎలా ఉంటుందో ఊహిస్తుంటారు. కొత్త కథలకు బీజం చాలాసార్లు అక్కడే పడుతుంది. మార్వెల్ వారి స్క్విరిల్ గర్ల్‌నే చూడండి. స్పైడర్‌మ్యాన్‌కు రూపమిచ్చిన స్టీవ్ డిట్కో, రచయిత విల్ మర్రే 1990ల తొలినాళ్లలో ఆమెను సృష్టించారు. గుబురు తోక, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు, వెంట ఉడతల దండు. తొలి కథలోనే ఆ ఉడతలు గుంపుగా మీదపడి, ఐరన్‌మ్యాన్‌ను బంధించిన డాక్టర్ డూమ్‌ను ఓడించేశాయి! తర్వాత చాలాకాలం ఆమెకు సొంత సిరీస్ లేదు; ఆ కథను మాత్రం పాఠకులు మరిచిపోలేదు. 2015లో మొదలైన సొంత సిరీస్‌లో రచయిత రయాన్ నార్త్, చిత్రకారిణి ఎరికా హెండర్సన్ ఆమెను కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయిగా, కొట్టేముందు శత్రువుతో మాట్లాడి చూసే వీరురాలిగా మలిచారు. 2017లో ఆ సిరీస్‌కు టీనేజీ పాఠకుల విభాగంలో కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డు దక్కింది.

గుప్పెడుమంది ముచ్చటపడితే పుస్తకాలు అమ్ముడవుతాయా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అభిమానులు మెచ్చిన సిరీస్‌లు మధ్యలో ఆగిపోవడమూ మామూలే. అయితే 1998లో మార్వెల్ ‘వాట్ ఇఫ్’ సిరీస్‌లో ఒక్క కథగా వచ్చిన స్పైడర్ గర్ల్, అంటే పీటర్ పార్కర్ కూతురు మే, ఆ ఏడాదే సొంత సిరీస్ సంపాదించుకుంది. దాన్ని ఆపేయాలనుకున్నప్పుడల్లా పాఠకులే పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 2006లో అది నూరో సంచిక చూసింది. మీకు నచ్చిన చిన్న పాత్ర పుస్తకం కనిపిస్తే, కొని చదవండి.