తాగని మందు ఒంట్లోకి ఎలా వెళ్తుంది?

“సిస్టరమ్మా, మందు తాగలేదు. మిరప తోటకు కొడుతూ కొడుతూ పడిపోయాడు.” పత్తికి, మిరపకు మందులు కొట్టే రోజుల్లో మా క్యాజువాలిటీలో ఈ మాట తరచుగా వింటాము. నోట చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంతైన కంటిపాప. తాగని మందు ఒంట్లోకి ఎలా వెళ్లిందని ఇంటివారు అడుగుతారు.

వెళ్లిన దారి చర్మమే. మనల్ని కాపాడే చర్మపు పైపొర వెంట్రుక మందం కూడా ఉండదు. అది నీటిని బాగానే ఆపుతుంది. కానీ క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి నూనె స్వభావం గల మందులను పూర్తిగా ఆపలేదు. పైగా మంట, నొప్పి లేకుండానే అవి లోపలికి దిగుతాయి.

ఎంత దిగుతుంది? మన దేశంలో నిషేధించిన పారథియాన్ అనే మందును అతి స్వల్పంగా మనుషుల చర్మంపై రాసి, మూత్రంలో ఎంత వచ్చిందో కొలిచిన అమెరికా అధ్యయనం ఒకటి 1971లో వెలువడింది. ముంజేతి నుండి సుమారు 9 శాతం, మాడు నుండి 32, నుదురు నుండి 36, చంక నుండి 64 శాతం లోపలికి వెళ్లింది. మగవారి వృషణాల చర్మం నుండైతే దాదాపు మొత్తం వెళ్లింది. వీపున కట్టిన ట్యాంకు కారి, నడుము కిందికి లుంగీ తడిస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మనుషులపై విషం రాసి చూడకుండానే ఇది తెలుసుకునే సాధనం ఫ్రాంజ్ సెల్. ఫ్రాంజ్ అనే శాస్త్రవేత్త 1975లో దీన్ని వివరించారు. రెండు గాజు గదుల మధ్య, ఆపరేషన్లలో తీసివేసిన చర్మం ముక్కను బిగిస్తారు. పైన మందు వేసి, కింద ఉన్న ద్రవంలోకి గంటగంటకూ ఎంత దిగిందో కొలుస్తారు. ఆయింట్‌మెంట్లను కూడా ఇలాగే పరీక్షిస్తారు.

మెదడుకూ ఒక గోడ ఉంది. దాని రక్తనాళాల కణాలను సన్నని చిల్లుల పొరపై పెంచి, ఏ మందు దాటుతుందో ప్రయోగశాలలో చూస్తారు. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఈ గోడను దాటుతుంది. పామ్ ఇంజెక్షన్ చాలా కొద్దిగానే దాటుతుంది. ఒక్క సూదితో అంతా సరిపోదు. కొన్ని మందులు కొవ్వులో నిలవ ఉండి మెల్లగా రక్తంలోకి వస్తాయి. ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య ఊపిరి తీసే కండరాలు బలహీనపడవచ్చు. అందుకే “స్పృహ వచ్చిందిగా, ఇంటికి తీసుకుపోతాం” అంటే మేము ఒప్పుకోము.

రైతు సోదరులారా, కారే ట్యాంకును వీపున ఎత్తుకోకండి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, రబ్బరు చేతితొడుగులు వేసుకోండి. బట్టలు తడిస్తే పని అయ్యేదాకా ఆగవద్దు. వెంటనే విప్పి, సబ్బుతో తల, చంకలు, గజ్జలు కడుక్కోండి. అమ్మలారా, ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

ఎవరైనా పడిపోతే చేతులకు తొడుగులు వేసుకుని బట్టలు విప్పి, నీళ్లు, సబ్బుతో ఒళ్లు కడగండి. వాంతి చేయించవద్దు. 108కి ఫోను చేయండి. మందు డబ్బా తప్పక తీసుకురండి. దాని మీద పేరు చూస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.