కొండదారి

‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు పెద్దలు. ‘నిదానమే ప్రధానం’ అన్నవారు కూడా వారే. ఏ మాట ఎక్కడ పాటించాలో తెలుసుకోవడమే వివేకం. కొండలు దాటి ప్రయాణం చేసేవారికి ఈ వివేకం చాలా అవసరం.

తూర్పు కనుమలూ పడమటి కనుమలూ కలిసేచోట నీలగిరి కొండలు ఉన్నాయి. వాటిమీద సుమారు 2240 మీటర్ల ఎత్తున ఉదకమండలం ఉంది. మనం ఊటీ అని పిలిచే ఊరు ఇదే. మైసూరు నుండి కారులో ఊటీకి బయలుదేరామనుకుందాం. నంజనగూడు, గుండ్లుపేట దాటి బందీపూర్ అడవిలో ప్రవేశిస్తాం. కర్ణాటక సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళ్లాక తెప్పకాడు వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది.

ఒక దారి మసినగుడి, కల్లట్టి మీదుగా పోతుంది. తెప్పకాడు నుండి ఊటీకి ఇది సుమారు 36 కిలోమీటర్లు. రెండవది గూడలూరు, నడువట్టం, పైకారా మీదుగా పోతుంది. ఇది సుమారు 67 కిలోమీటర్లు. దూరం లెక్క చూస్తే మొదటి దారే మేలనిపిస్తుంది. కాని దూరం ఒక్కటే చూస్తే చాలదు.

రెండు దారులూ చేరవలసిన ఎత్తు ఒక్కటే. ఆ ఎత్తును తక్కువ దూరంలో ఎక్కాలంటే దారి నిటారుగా ఉండక తప్పదు. మేడమీదికి నిచ్చెన ఎక్కడానికీ, మెట్లు ఎక్కడానికీ ఉన్న తేడాయే ఇది. కల్లట్టి దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. తలలో పెట్టుకునే పిన్నులాగా రోడ్డు ఒక్కసారిగా వెనక్కు తిరిగే మలుపును అలా అంటారు. గూడలూరు దారి చుట్టు. అయినా వాలు తక్కువ. అందుకే పెద్ద బస్సులూ లారీలూ ఆ దారినే పోతాయి.

కొండ ఎక్కడంకన్నా దిగడం ప్రమాదం. బ్రేకును అదేపనిగా తొక్కితే అది రాపిడికి వేడెక్కి పట్టు కోల్పోతుంది. కాబట్టి మొదటి గేరులోనో రెండవ గేరులోనో దిగాలి. అప్పుడు ఇంజనే చక్రాల వేగాన్ని అదుపులో ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగడం ప్రాణాలతో చెలగాటం. 2018 అక్టోబరులో కల్లట్టి దారిలో ఒక కారు లోయలో పడింది. రెండు రోజుల వరకు అది ఎవరి కంటా పడలేదు. అందులో కొందరు మరణించారు. ఆ తరువాత ఆ దారిలో బయటి వాహనాలపై ఆంక్షలు విధించారు.

వేళను కూడా చూసుకోవాలి. వన్యమృగాల రక్షణకోసం 2009 నుండి బందీపూర్ అడవిలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు సాధారణ వాహనాలను పోనివ్వరు. పొద్దుపోయి బయలుదేరినవారికి రెండు దారులూ మూసినట్లే. వానాకాలంలో కొండచరియలు విరిగిపడవచ్చు. పొగమంచు కమ్మితే ఎదుటి వాహనం కనబడదు. అందుచేత స్థానికులను అడిగి తెలుసుకున్న తరువాతే దారిని ఎంచుకోవాలి.

ఇరుకు రోడ్డుమీద దిగే వాహనం ఆగి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. వాలుమీద ఆగిన బండిని మళ్లీ పైకి కదిలించడం కష్టం కదా!

కొండదారిలో ఒక గంట ఆలస్యమైతే నష్టం లేదు. ఇంటినుండి పెందలాడే బయలుదేరాలి. కొండమీద నెమ్మదిగా నడపాలి. అప్పుడు పెద్దల మాటలు రెండూ పాటించినవారమవుతాం.