ఈసారీ మహిళేనటగా!

"ఈసారి ఇంక ఆడవాళ్ళకి ఇవ్వర్లేవే. రెండుసార్లు ఇచ్చేశారుగా!" అన్నారు మా పక్కింటి పిన్నిగారు, మొన్న మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

ఆవిడ మాట్లాడుతున్నది రాష్ట్రపతి పదవి గురించి. ద్రౌపదీ ముర్ము గారి పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరన్న ప్రశ్న టీవీ చర్చల్లోంచి పెరటి గోడ దాకా వచ్చేసిందన్నమాట. పిన్నిగారి లెక్క విని నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పటికి 15 మంది రాష్ట్రపతులయ్యారు. అందులో 13 మంది మగవాళ్ళే. వాళ్ళలో ఎవరి పదవీకాలం ముగిసినా "మగవాళ్ళకి ఇచ్చేశారుగా, ఇక చాల్లే" అని ఎవరూ అన్నట్టు నేను వినలేదు. మీరేమైనా విన్నారా?

రాష్ట్రపతి ఎన్నిక దగ్గర పడేకొద్దీ "ఈసారి మహిళకి అవకాశం ఇస్తారట" అనే మాట తప్పకుండా పుడుతుంది. రెండుమూడు పేర్లు వినిపిస్తాయి. పత్రికల్లో ఫోటోలు పడతాయి. చివరికి వేరే పేరేదో బయటికొస్తుంది. వినిపించిన ఆ పేర్లన్నీ ఏమయ్యాయో ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది.

వద్దన్న రుక్మిణీదేవి

1977 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. తర్వాత జరిగిన ఎన్నికల్లో జనతా ప్రభుత్వం వచ్చింది. కొత్త రాష్ట్రపతిగా ఎవరన్నప్పుడు ప్రధాని మొరార్జీ దేశాయ్ మనసులో మెదిలిన పేరు రుక్మిణీదేవి అరండేల్. మద్రాసులో 1936లో కళాక్షేత్రాన్ని నెలకొల్పిన విదుషీమణి ఆవిడ. రాజ్యసభ సభ్యురాలిగా ఉండి, మూగజీవాల మీద క్రూరత్వాన్ని అరికట్టే 1960 నాటి చట్టం రావడానికి పాటుపడింది కూడా ఆవిడే. మొరార్జీ అడిగితే ఆవిడ వద్దన్నారు.

ఆ పదవి చివరికి మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారిని వరించింది. 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. రెడ్డి గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆవిడే గనక సరేనని ఉంటే తొలి మహిళా రాష్ట్రపతిని మనం 30 ఏళ్ళు ముందే చూసేవాళ్ళమేమో!

ఓడిపోయే చోట మనం గుర్తొస్తామా?

2002లోనూ ఊహాగానాలకి కొదవ లేదు. పి.సి. అలెగ్జాండర్ అన్నారు. ఏడేళ్ళు మన రాష్ట్ర గవర్నరుగా పనిచేసి ఉపరాష్ట్రపతి అయిన కృష్ణకాంత్ అన్నారు. రెండూ కాక అబ్దుల్ కలామ్ గారి పేరు ఖాయమైంది. ఆయనకి అధికార పక్షమూ, కాంగ్రెసూ కూడా మద్దతిచ్చాయి. ఇక గెలిచే ఆశ లేదని తెలిసీ వామపక్షాలు కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ని నిలబెట్టాయి. నేతాజీ సైన్యంలో ఝాన్సీరాణి దళాన్ని నడిపిన వీరవనిత. ఆ తర్వాత కాన్పూరులో దశాబ్దాలపాటు రోగుల్ని చూసిన డాక్టరమ్మ. అప్పటికి ఆవిడకి 87 ఏళ్ళు! కలామ్ గారికి వచ్చిన ఓట్ల విలువ 9,22,884. ఆవిడకి 1,07,366.

2017లో అధికార పక్షం వైపు నుంచి సుష్మా స్వరాజ్, సుమిత్రా మహాజన్, ద్రౌపదీ ముర్ము పేర్లు గట్టిగా వినిపించాయి. సుష్మ గారు అవి వట్టి పుకార్లేనని కొట్టిపారేశారు. జూన్ 19న రామ్‌నాథ్ కోవింద్ పేరు ప్రకటించారు. మూడు రోజులకి ప్రతిపక్షాలు మీరా కుమార్‌ని ముందుకు తెచ్చాయి. విదేశాంగ సర్వీసులో పనిచేసి, లోక్‌సభకి తొలి మహిళా స్పీకరైన మనిషి. ఆవిడకి వచ్చినవి 3,67,314. కోవింద్ గారికి 7,02,044. ఉపరాష్ట్రపతి పదవి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఇప్పటిదాకా ఒక్క మహిళకీ దక్కలేదు. 2007లో నజ్మా హెప్తుల్లా, 2022లో మార్గరెట్ ఆల్వా పోటీ చేశారు, ఓడారు.

ఓడిపోయే పోటీలో మగవాళ్ళని మాత్రం నిలబెట్టరా అంటారేమో. నిలబెడతారు. 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో మన తెలుగువారు జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారిదీ అదే పరిస్థితి. 452కి 300తో ఓడారు. కానీ మగవాళ్ళకి గెలిచే పోటీలు కూడా బోలెడు వచ్చాయి. మనవాళ్ళకి వచ్చినవి రెండంటే రెండే.

జాబితాలో లేని ప్రతిభ

ఆ రెండింటిలో మొదటిది 2007లో. అప్పటి ఊహాగానాల్లో ప్రతిభా పాటిల్ పేరు పెద్దగా లేనేలేదు. కాంగ్రెస్ మొగ్గు శివరాజ్ పాటిల్ వైపు ఉండేది. వామపక్షాలు ఒప్పుకోలేదు. ఇంకొన్ని పేర్లు వచ్చి పోయాయి. జూన్ 14న రాజస్థాన్ గవర్నరుగా ఉన్న ప్రతిభ గారి పేరు బయటికొచ్చింది. ఎవరీవిడ అని అడిగినవాళ్ళే ఎక్కువ. 1962లో 27 ఏళ్ళ వయసుకే మహారాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మనిషిని ఎవరీవిడ అనడమేమిటో! ఎదుటి కూటమిలో ఉన్న శివసేన సైతం మరాఠీ ఆడపడుచని ఆవిడకే ఓటేసింది. 6,38,116 ఓట్లతో గెలిచారు.

అప్పుడే ఇంకో చర్చ మొదలైంది. ఆడమనిషిని 'రాష్ట్రపతి' అని ఎలా అంటారని! ఇక్కడ పతి అంటే అధిపతే గానీ మొగుడు కాదు. ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకి ఉన్న చిక్కు వేరు. మనకి రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో. దేశానికి అధిపతిని రాష్ట్రపతి అంటే చిన్న పిల్లలు తికమకపడుతూనే ఉంటారు.

ఫోను అందని రాయరంగపూర్

2022 సంగతి మనకి బాగా గుర్తే. మన పత్రికల్లో వెంకయ్యనాయుడు గారి పేరు మారుమోగింది. జూన్ 21న అమిత్ షా, నడ్డా వెళ్ళి ఆయన్ని కలిసేసరికి ఇక ఖాయమే అనుకున్నాం. ఆ రాత్రే ద్రౌపదీ ముర్ము పేరు ప్రకటించారు. అంతకు ముందు రోజే ఆవిడకి 64 నిండాయి. ఒడిశాలో ఆవిడుండే రాయరంగపూర్‌లో ఫోను సిగ్నల్ సరిగా అందక, ఢిల్లీ నుంచి కబురు ఆవిడ దగ్గర ఇదివరకు పనిచేసిన ఒకాయన ఫోనుకి వచ్చిందనీ, ఆయన ఫోను పట్టుకుని ఆవిడ ఇంటికి పరుగెత్తారనీ అప్పట్లో చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఊళ్ళో శివాలయం ఊడుస్తున్న ఫోటో దేశమంతా చూసింది. ఫోటో బాగుంది, కాదనను. కానీ ఊడ్చే ముందు ఆవిడ చేసిన పనుల మాటేమిటి? చిన్న గుమాస్తాగా, బడి పంతులమ్మగా పనిచేశారు. 1997లో కౌన్సిలరయ్యారు. రెండుసార్లు ఎమ్మెల్యే, ఒకసారి మంత్రి. భర్తనీ, ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని కూడా నిలదొక్కుకుని జార్ఖండ్ గవర్నరుగా ఆరేళ్ళు చేశారు. 2017లో, సరిగ్గా ఆవిడ పేరు రాష్ట్రపతి పదవికి వినిపిస్తున్న రోజుల్లోనే, గిరిజనుల భూముల చట్టాలు రెండింటిని మారుస్తూ అక్కడి ప్రభుత్వం పంపిన బిల్లుల్ని వెనక్కి తిప్పి పంపారు. ఆ ప్రభుత్వం ఆవిడ సొంత పార్టీదే! దీనివల్ల గిరిజనులకి మేలేమిటని అడిగారు. పదవి కోసం ఎదురుచూసేవాళ్ళు సాధారణంగా చేసే పని కాదది.

2022లో అటు వైసీపీ, ఇటు తెలుగుదేశం రెండూ ఆవిడకే మద్దతిచ్చాయి. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం ఎంత అరుదో మనకి తెలియందా! తెలంగాణలో టీఆర్ఎస్ యశ్వంత్ సిన్హా వైపు నిలిచింది. ముర్ము గారికి 6,76,803 ఓట్లు, సిన్హా గారికి 3,80,177.

మన చేతిలో ఏముంది?

ఈ ఎన్నికలో మనకి నేరుగా ఓటు లేదు. ఓటు వేసేది మనం గెలిపించిన ఎమ్మెల్యేలూ ఎంపీలే. 2022 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. ఎంపీలది 700. పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు, ఓటు రహస్యం. పోటీ చేయాలంటే 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. అందుకే ఏ పేరు వినిపించినా నేను ముందు చూసేది ఒక్కటే. ఆ పేరు అంటున్నది ఓట్లున్న పక్షమా, లేని పక్షమా? రెండోది, పేరు పక్కన ఏం రాస్తున్నారు? 'మహిళ' అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఆ పేరు జాబితా నింపడానికి పెట్టిందేనని నా అనుమానం.

ముర్ము గారే మళ్ళీ అవుతారా అని కూడా కొందరు అడుగుతున్నారు. రాజ్యాంగం అడ్డు చెప్పదు. కానీ రెండోసారి ఎన్నికైంది ఇంతవరకూ బాబూ రాజేంద్రప్రసాద్ ఒక్కరే. 2027కి ఎవరి పేర్లు అనుకుంటున్నారో నేనూ విన్నాను. ఇక్కడ రాయను. రాస్తే ఇదీ ఇంకో పుకారవుతుంది.

జార్ఖండ్ బిల్లుల సంగతి పిన్నిగారికి చెప్పాను. ఈనెలు తీయడం ఆపేసి, "అవునా? మాకెవరూ చెప్పలేదే!" అన్నారు. గుడి ఊడుస్తున్న ఫోటో మాత్రం ఆవిడకి బాగా గుర్తుంది. చీర అంచు రంగుతో సహా.