సగం కుట్టిన బొంత

పిల్లలూ, మీ ఇంట్లో అటకమీదనో, మంచం కిందనో సగం కుట్టి వదిలేసిన గుడ్డ ఏదైనా ఉన్నదేమో వెతికి చూడండి. అక్క బడిలో మొదలుపెట్టిన చేతిరుమాలు కావచ్చు, అమ్మ కత్తిరించి పెట్టుకున్న దిండు గలీబు కావచ్చు. మా ఇంట్లో దొరికినది ఒక బొంత.

నేను కామారెడ్డిలో ఉంటాను. ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైనాను. పోయిన దసరాకు ముందు ఇల్లు దులుపుతుండగా మా అమ్మ సందూకలో అడుగున ఆ బొంత కనపడింది. పైన అమ్మ నీలం చీర, కింద నాన్న ధోవతులు, మధ్య పాత గుడ్డలు. ఒక పక్క నుంచి కుట్టు వరుసలు తిన్నగా వచ్చి, సగానికి రాకముందే ఆగిపోయినాయి. ఆగినచోట సూది తుప్పుపట్టి అట్లాగే గుచ్చి ఉన్నది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది.

"తాతా, దీన్ని ఎవరు పూర్తి చేస్తరు?" అని మా మనుమరాలు అడిగింది. ఆమెది ఆరో తరగతి. నేను జవాబు చెప్పలేక బొంతను దర్జీ దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన వేళ్ళతో నొక్కి చూసి, "సార్, ఇంత మందం నా మిషను కిందికి రాదు. చేతితోనే కుట్టాలె," అన్నాడు.

బొంత ఎరుగని పిల్లలు కూడా ఉంటారు గనక చెబుతాను. కట్టి కట్టి మెత్తబడిన చీరలనూ, ధోవతులనూ నాలుగైదు పొరలుగా పరిచి, అంతటా దారంతో కుట్టేదే బొంత. నూలు గుడ్డకు తనంతట వేడి లేదు. పొరల మధ్య చిక్కుకున్న గాలే చలిని ఆపుతుంది. కదలకుండా ఉన్న గాలిలోనుంచి వేడి త్వరగా బయటికి పోదు. అందుచేత ఒక్క మందపు దుప్పటి కంటే నాలుగు పలచటి పొరలు వెచ్చన. మరి ఇన్ని కుట్లు ఎందుకు? కుట్టకపోతే పొరలు జారి ఒక మూలకు ముద్దవుతాయి. అదీగాక పాత గుడ్డకు బలం తక్కువ. మీరు బొంతను లాగినప్పుడు ఆ లాగుడును వందలకొద్దీ కుట్లు తలా కాస్త పంచుకుంటాయి. అందువల్లనే విడిగా చిరిగిపోయే చీర బొంతలో చేరితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

పాత చీర బొంత కావటం మన ఒక్కచోటే కాదు. కామారెడ్డి జిల్లా పడమటి అంచు మహారాష్ట్రను తాకుతుంది. అక్కడివాళ్ళు దీన్నే గోధడి అంటారు. కర్ణాటకలో కౌది, బెంగాలులో కాంథా. బెంగాలులో పాత చీరల అంచులనుంచి రంగు దారాలు లాగి, వాటితోనే కుట్టేవారు. దారానికి కూడా పైసా ఖర్చు లేదన్నమాట!

ఇక మా బొంత సంగతి. లెక్కల మాస్టరును గనక ముందు టేపు పెట్టి కొలిచాను. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. వరుసకూ వరుసకూ అంగుళంన్నర ఎడం. 48 అంగుళాలను ఒకటిన్నరతో భాగిస్తే 32. "అయితే 32 వరుసలు!" అన్నది మనుమరాలు. కాదు, అంచులు రెండూ ముందే మడిచి కుట్టి ఉన్నాయి. లోపల వచ్చేవి 31. (ఎందుకో మీరే బొమ్మ గీసి చూసుకోండి.) అమ్మ 13 కుట్టింది. మిగిలినవి 18. అంగుళానికి ఒక కుట్టు చొప్పున వరుసకు 72 కుట్లు. 18 వరుసలకు 1,296!

ఆ అంకె విని ఇద్దరం మొహాలు చూసుకున్నాం. సగంలో ఆగిన పనులన్నీ ఇట్లాంటి అంకె దగ్గరే ఆగుతాయని నా అనుమానం. కాని 72 కుట్లంటే ఎంత? గడియారం చూసి కుడితే అరగంట. రోజుకు ఒక వరుస చాలుననీ, ఉత్సాహం వచ్చినా రెండోది ముట్టుకోరాదనీ నిర్ణయించుకున్నాం. బొంతను మళ్ళీ సందూకలో పెట్టలేదు. హాల్లో కుర్చీమీద, వచ్చేపోయేవారికి కనపడేటట్టు ఉంచాం. దాచిపెట్టిన పని గుర్తుకు రాదు.

మూడు రోజులు బాగానే సాగింది. నాలుగోనాడు నేను తెలివికి పోయినాను. మాటిమాటికీ సూదికి దారం ఎక్కించటం ఎందుకని ఆరడుగుల పోగు ఒకేసారి తీసుకున్నాను. అది మెలికలు పడింది, ముడులు పడింది, గుడ్డలోనుంచి అన్నిసార్లు రాసుకుంటూ పోయి నూగులేచి తెగింది. లాగేసరికి నీలం చీర మడత దగ్గర జానెడు చిరిగింది. పెట్టెలో ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న గుడ్డ ఆ గీతవెంట బలహీనపడుతుందని అప్పుడు తెలిసింది. నాకు చెయ్యి ఆడలేదు. వారం రోజులు ఎవరమూ బొంత జోలికి పోలేదు.

చివరికి మనుమరాలిని, బొంతను తీసుకుని బస్సెక్కి ఎల్లారెడ్డి పోయినాను. మా అక్క అక్కడ ఉంటుంది. అమ్మ పక్కన కూచుని కుట్టినది ఆమే. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు. సూది బెజ్జం కనపడదు. బొంతను ఒళ్ళో పెట్టుకుని తడిమి, "తమ్మీ, మూరెడు దారం కంటే ఎక్కువ తీసుకుంటరా? దానికి మైనం రాసినవా?" అన్నది. మైనం రాస్తే దారం నున్నబడి మెలిక పడదు. చిరిగినచోట కింద చిన్న గుడ్డముక్క పెట్టి, చిరుగు కంటే నాలుగు వేళ్ళు అవతలినుంచి కుట్టుకు రమ్మన్నది. "అమ్మ చీర చింపినవని బాధపడకు. ఆ చీరకు నేనే రెండు మాసికలు వేసిన, చూడు," అని వేలు పెట్టి చూపింది. మాకు అంతవరకూ అవి కనపడనే లేదు.

తిరిగి వచ్చాక మేము తప్పలేదు. నేను ఒకనాడు, పిల్ల ఒకనాడు. 18 రోజుల పని 27 రోజులు పట్టింది.

మూలలకు చదరపు ముక్కల్ని త్రికోణంగా మడిచి అతకాలని అక్క చెప్పింది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు కూడా తమ బొంతల మూలలకు ఇట్లాంటి ముక్కలు కుడతారు. వాటిని పువ్వులంటారు, అవి లేనిదే బొంత పూర్తి అయినట్టు కాదు. మేము మూడు మూలలు ముగించే రోజుకు అక్క కామారెడ్డి వచ్చింది. బొంతమీద చెయ్యి వేసి నడిపిస్తూ, "ఇక్కడిదాకా అమ్మ. ఇది నీ కుట్టు, వంకర. ఇది బిడ్డది, దగ్గర దగ్గర," అని చెప్పింది. ఒక్కటి తప్పలేదు.

నాలుగో మూల కుట్టబోతే వద్దన్నది. వచ్చే నెల తన కంటి ఆపరేషను. అది అయినాక తానే కుడుతుందట. ముక్క మడిచి, రెండు టాకాలు వేసి, బొంతను అట్లాగే కుర్చీమీద ఉంచాం.