బార్‌లో బొమ్మల సినిమా!

బార్ అనగానే మనకు గుర్తొచ్చేది గ్లాసులు, సోడా, వేయించిన పల్లీలు. బొమ్మల సినిమా అనగానే పిల్లలు, వేసవి సెలవులు. ఈ రెండూ ఒకేచోట అని ఊళ్లో పెద్దవాళ్లకు ఫోన్లో చెబితే, "ఒరేయ్, ఉద్యోగం బాగానే ఉందా?" అని అడుగుతారు. సింగపూర్‌లో మాత్రం ఇది వింతేమీ కాదు.

ఆమధ్య మిత్రులం కొందరం కలిసి ఓ బార్‌లో 'అకిరా' చూశాం. పేరు చూసి దర్శకుడు అకిరా కురొసావా కథ అనుకునేరు, కాదు. 1988లో కత్సుహిరో ఒటోమో తీసిన జపాన్ సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ ఇది. కథ జరిగేది 2019లో. పేలుడులో నాశనమై మళ్లీ లేచిన టోక్యో, మోటారు సైకిళ్ల మీద తిరిగే కుర్రాళ్లు, వాళ్లలో ఒకడికి అదుపులేని శక్తి. ఆ నగరం 2020 ఒలింపిక్స్‌కు సిద్ధమవుతూ ఉంటుంది. నిజంగానే 2020 ఒలింపిక్స్ టోక్యోకు దక్కాయి, కరోనా వల్ల 2021లో జరిగాయి! మొదట్లో కబుర్లు చెప్పుకున్నవాళ్లంతా అరగంటకల్లా గ్లాసులు పక్కనపెట్టి తెరకేసి చూస్తుండిపోయారు.

బొమ్మలే కదా, పిల్లల్నీ తీసుకొస్తే పోలా అంటారేమో. ఇందులో రక్తపాతం తక్కువేమీ కాదు. సింగపూర్‌లో బహిరంగంగా వేసే సినిమాకు, అది బార్‌లోనైనా సరే, వర్గీకరణ ఉండాల్సిందే. ఎన్‌సీ16 అంటే పదహారు, ఎం18 అంటే పద్దెనిమిది, ఆర్21 అంటే ఇరవై ఒకటి నిండాలి. బొమ్మల సినిమా అయినంత మాత్రాన మినహాయింపేం లేదు. బొమ్మలతో పెద్దల కథా చెప్పొచ్చన్న సంగతి మన ఇళ్లలో ఇంకా అలవాటు కావాలి. మన భాషలో 'ఆదిత్య 369' 1991లోనే కాలయంత్రం ఎక్కించింది. 2024లో 'కల్కి 2898 ఏడీ'కి ముందు 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్‌గా వచ్చింది. అంటే దారి పడిందన్నమాట.

అయితే ఇలాంటి సినిమాలు చూపించే చోట్లు నిలబడటమే కష్టంగా ఉంది. బీచ్ రోడ్డులోని గోల్డెన్ మైల్ టవర్‌లో 1973 నాటి గోల్డెన్ థియేటర్‌ను బాగుచేసి, 2014లో 'ది ప్రొజెక్టర్' మొదలైంది. పాత కుర్చీలు, పక్కనే బార్, మల్టీప్లెక్సులు ముట్టుకోని చిత్రాలు... సినిమా పిచ్చోళ్లకు అదో పుట్టిల్లు. పెరిగిన ఖర్చులు, మారిన ప్రేక్షకుల అలవాట్ల మధ్య అది 2025 ఆగస్టులో మూతపడింది. ఆ మరుసటి నెలలోనే కేథే సినీప్లెక్సులూ మూతపడ్డాయి.

అభిమాన హీరో సినిమా తొలి ఆటకు ఈ ఊళ్లో హాలు నింపగల సత్తా మనవాళ్లకుంది. సింగపూర్ తెలుగు సమాజం 1975లోనే పుట్టింది. ఉగాదికీ సంక్రాంతికీ ఎలాగూ కలుస్తాం. ఏడాదికో సాయంత్రం ఇలాంటి సినిమాకూ కేటాయిస్తే? హాలు నడిపేవాళ్లకు నాలుగు టికెట్లు తెగుతాయి, మనకు నాలుగు రోజులు మాట్లాడుకునే కథ దొరుకుతుంది. పల్లీలు ఎలాగూ ఉంటాయి!