తల్లి చేతి గ్లాసు

1971వ సంవత్సరమున తూర్పు పాకిస్తానులో సైన్యము తన ప్రజలపైననే తుపాకి గుఱిపెట్టగా, ఇల్లువాకిళ్ళు వదలి, పసిపిల్లలను చంకనిడుకొని, నడువలేని వృద్ధులను బుట్టలలో కూర్చుండబెట్టి మోసికొనుచు సరిహద్దు దాటి మన దేశమునకు వచ్చిన కాందిశీకుల సంఖ్య కోటికి చేరువైనది. డేరాలు చాలలేదు. కలకత్తా శివారున సాల్ట్ లేక్‌లో, భూమిలో వేయుటకై తెచ్చియుంచిన పెద్ద పెద్ద గొట్టములలోనే ఎన్నో కుటుంబములు కాపురము పెట్టినవి. ఇంతలో వానలు వచ్చెను. వానల వెంట కలరా వచ్చెను.

కలరా సోకినవాడు మరణించుట ఒంటిలోని నీరును లవణములును వాంతి భేదులలో హరించిపోవుటచేతనే. నరమునకు సూది గ్రుచ్చి సెలైను ఎక్కించుటయే నాటి చికిత్స. సరిహద్దున నున్న బొంగావ్ ఆసుపత్రిలో మంచములు చాలక రోగులు నేలపై పడియుండగా, సెలైను సీసాలు తరిగిపోవుచుండగా, సూది వేయ నేర్చినవారు బహు కొలదిమందియే యుండగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఒక సాహసమునకు పూనుకొనెను. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా, ఇంతే మందు. గ్లూకోజు తోడున్నచో ప్రేగు ఉప్పును, దానితోపాటు నీటిని లోనికి గ్రహించునని శాస్త్రజ్ఞులు అప్పటికే కనుగొనియుండిరి. మహమ్మారి నడుమ దానిని నమ్మి నిలిచిన వైద్యులు మాత్రము అరుదు.

కలకత్తాలో పొట్లములు కట్టించి తెచ్చి, కుళాయిలు బిగించిన డ్రమ్ములలో కలిపించి, గ్లాసుతో పట్టి త్రావించు పనిని ఆయన రోగి తల్లికి, చెల్లెలికి, భర్తకు అప్పగించెను. ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద అను భావము మనలో ఎంతగానో పాతుకొనిపోయినది. ఊరు, పొలము, పాడి సర్వము కోల్పోయి వచ్చిన ఇల్లాలిని ఒక మూల కూర్చుండి ఏడువనీయక, ఆమె బిడ్డ ప్రాణమును ఆమె చేతికే అప్పగించుట నా దృష్టిలో ఆ మందుకన్నను గొప్ప విషయము. శిబిరములలో నూటికి ముప్పది వఱకు పోయిన కలరా చావులు, ఆయన చికిత్స నందుకొన్నవారిలో నాలుగింటికి లోబడెను.

కాందిశీకులను ఆదుకొనుటకైన ఆనాటి వ్యయములో మన వంతును కలదు. 1971 నవంబరు నుండి దేశమందంతట ఉత్తరపు కవరుపై కాందిశీకుల సహాయార్థము ఐదు పైసల తపాలా బిళ్ళను అదనముగా అంటింపవలసి వచ్చెను. మీ యింట ఆ కాలపు ఉత్తరముల కట్ట యున్నచో ఒకమారు విప్పి చూడుడు. తాతగారి దస్తూరి ప్రక్కన ఆ చిన్న బిళ్ళ కనబడవచ్చును. దానిని పారవేయకుడు.